దాణా సంచి పరీక్ష

పాల పుష్పమ్మ మా గల్లీ పిల్లలందరినీ మొద్దులని సర్కారుకు రాసిచ్చిందట. ఈ మాట మొదట ఎవరన్నారో తెలియదు కానీ, యాకుత్‌పురా స్టేషన్ వెనక మా గల్లీ మూలన ఉన్న చాయ్ హోటల్ దగ్గర బయలుదేరి, అవతలి కొసన పిండిగిర్నీ చేరేసరికి దానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. హెడ్మాస్టర్ వామన్‌రావు సారు ఆమె దగ్గర పాలు మానేసి పాకెట్ పాలు తెచ్చుకుంటున్నాడని పగబట్టిందట. మలక్‌పేటలో జరిగిన పెద్ద మీటింగుకు బర్రెను తోలుకుపోయిందట. బర్రెను చూసి పెద్ద మేడమ్ కుర్చీ ఎక్కిందట. ఇదంతా తన మనవరాలికి ఫుకట్‌గా, పైసా లేకుండా చదువు చెప్పించుకోవడానికేనట. ఇప్పుడా పిల్ల పేపరు కూడా గడగడా చదివేస్తోందట.

ఆ మీటింగులో పుష్పమ్మ పక్క కుర్చీలో కూర్చున్నది నేను. బర్రె రాలేదు. వామన్‌రావు సారుకు అసలు పాలే పడవు. మా బడికి వచ్చిన నాటి నుంచి నల్ల చాయే తాగుతున్నాడు.

పుష్పమ్మకు యాభై ఏడేళ్ళు. ఇంటి వెనక రేకుల కొట్టంలో ఆరు బర్రెలున్నాయి. తెల్లవారుజామున ఆమె వాటిని పేరుపేరునా తిట్టడం మొదలుపెడితే మా గల్లీలో ఎవరికీ అలారం అక్కర్లేదు. చదువు రాదు. సంతకం మాత్రం ముగ్గు వేసినట్టు వేస్తుంది, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటి నుంచి. అలాంటి మనిషి మా సర్కారు బడి తల్లుల కమిటీకి చైర్‌పర్సన్ ఎలా అయిందంటే, ఎన్నిక రోజు వచ్చిన తల్లులందరూ "నాకొద్దంటే నాకొద్ద"న్నారు. పుష్పమ్మ ఆ రోజు రాలేదు కాబట్టి వద్దనలేదు.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడుతున్నాను. మీటింగుల్లో నోరు తెరవను. అందుకే కమిటీ రిజిస్టరు రాసే పని నాకిచ్చారు. పుష్పమ్మ ఎక్కడికి పోయినా "నందినీ, పెన్ను పట్టుకొని రా బిడ్డా" అంటుంది. పోతాను.

జనవరి మొదట్లో వామన్‌రావు సారు కమిటీని పిలిచి బాలుషాయి మిఠాయి పంచాడు. గోడ మీద పచ్చ రంగుతో ఏడాది లక్ష్యాలు రాసి ఉంటాయి. మొదటిది: మూడు నుంచి ఐదో తరగతి దాకా పిల్లల్లో నూటికి తొంభై మంది మార్చికల్లా ధారాళంగా చదవాలి. డిసెంబరు పరీక్షలో మా బడికి తొంభై ఆరు వచ్చింది. నలభై ఎనిమిది మందిలో నలభై ఆరుగురు. సారు ఆ తొంభై ఆరును చార్టు మీద ఎంత పెద్దగా రాయించాడంటే, శాతం గుర్తుకు చోటు చాలక పక్క గోడ మీద వేయాల్సి వచ్చింది.

"ఇంకో శుభవార్త" అన్నాడు సారు. "లక్ష్యం అందుకున్న బడికి అదనపు టీచరు అవసరం లేదు. కౌముది టీచరు ఫిబ్రవరి ఒకటి నుంచి బహదూర్‌పురా బడికి పోతారు. శుక్రవారం మలక్‌పేటలో రివ్యూ అయ్యాక ఆర్డర్ వస్తది. మనకిది గౌరవం."

అందరూ చప్పట్లు కొట్టారు. కౌముది టీచరు మాత్రం చేతిలో బాలుషాయిని తినకుండా తిప్పుతూ నిలబడింది. రోజూ మధ్యాహ్నం మెట్ల కింద చోటులో, వెనకబడిన పిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాల కార్డులు పెట్టి చదివించేది ఆమే. అక్కడ పిల్లలు తగ్గినట్టు నాకెప్పుడూ కనబడలేదు. ఆ మాట అడగాలనుకున్నాను. అడగలేదు.

ఆ సాయంత్రమే బర్రె కాగితం తిన్నది.

పుష్పమ్మ మనవరాలు లావణ్య ఐదో తరగతి. కొట్టంలో బక్కెట్ బోర్లించి దాని మీద కూర్చుని, బడి నుంచి ఇచ్చిన చదువు కాగితం పట్టుకుని గట్టిగా చదువుతోంది. "సోము సంతకు పోయాడు. సంతలో ఎర్రని గాజులు చూశాడు. చెల్లికి కొందామనుకున్నాడు..." పుష్పమ్మ పాలు పితుకుతోంది. నేను మా ఇంటి పాలగిన్నెతో నిలబడి ఉన్నాను. పక్కనున్న బర్రె మెడ చాచి లావణ్య చేతిలోని కాగితాన్ని కింది కొస పట్టుకుని లాగింది. సగం దాని నోట్లోకి పోయింది. లావణ్య ఆగలేదు. చేతిలో మిగిలిన ముక్క వైపు చూస్తూనే, సోము గాజులు కొని, దారిలో వానకు తడిసి, ఇంటికొచ్చి, చెల్లి నవ్వేదాకా ఒక్క మాట పోకుండా చదివేసింది.

పుష్పమ్మ పితకడం ఆపింది.

"లావణ్యా, ఆ కింది ముక్క ఎక్కడున్నదే?"

"బర్రె తిన్నది నానమ్మా."

"మరి నువ్వేం చూసి చదివినవ్?"

"గిదే చూసి చదివిన."

పుష్పమ్మ లేచి చేతులు తుడుచుకుని, మూలనున్న ఖాళీ దాణా సంచి తెచ్చి దాని ఒళ్ళో వేసింది. సంచి మీద బర్రె బొమ్మ, కింద రెండు వరుసలు తెలుగు: 'పాడి పశువుల దాణా. తడి తగలని చోట నిలువ చేయండి.'

"ఇది చదువు."

లావణ్య సంచిని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. "ఇది మా పరీక్షల రాదు నానమ్మా" అంది.

పాల వ్యాపారంలో పాలమీటరని ఒకటుంటుంది. గాజు గొట్టం. పాలలో వేస్తే తేలుతుంది. నీళ్ళు కలిపితే మునుగుతుంది. కానీ నీళ్ళు కలిపాక ఇంత చక్కెర వేస్తే మళ్ళీ మంచి పాలలో తేలినట్టే తేలుతుంది. అందుకని పుష్పమ్మ ఎన్నడూ మీటరును నమ్మదు. ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని, అది నిలుస్తుందా జారుతుందా చూసి, నాలుక మీద పెట్టుకుంటుంది.

"మీటరు తేలింది బిడ్డా" అంది నాతో. "గోరు మీద వేసి చూడాలె."

మర్నాటి నుంచి మూడు రోజులు, పొద్దునా సాయంత్రం పాల కోసం గిన్నెలు పట్టుకొచ్చిన బడి పిల్లలందరికీ సంచి పరీక్ష జరిగింది. పాలు కొనని ఇళ్ళ పిల్లలకు దూడను చూపిస్తానని ఆశపెట్టి పిలిచింది. నేను గోడ పక్కన నిలబడి టిక్కులు పెట్టాను. కొందరు టకటకా చదివి పోయారు. ఒకడు బొమ్మ చూసి "బర్రె" అని, ఇంకేం కావాలన్నట్టు చూశాడు. ఇంకొకతె "తడి తగలని" దగ్గర తడబడి మూడుసార్లు మింగి మొత్తానికి దాటింది. ఆమెకు టిక్కు పెట్టమంది పుష్పమ్మ. ఆటో నడిపే ఓదెలు కూతురు శ్రీహిత, బడిలో అందరికంటే బాగా చదువుతుందని పేరున్న పిల్ల. సంచిని రెండు చేతులా పుస్తకంలా పట్టుకుని, కళ్ళు అక్షరాల మీద నుంచి కదపకుండా, "సోము సంతకు పోయాడు" అని మొదలుపెట్టి చెల్లి నవ్వేదాకా చదివింది.

"మంచిగ చదివినవ్ తల్లీ" అంది పుష్పమ్మ. పిల్ల పోయాక నా వైపు చూడకుండా, "సదవనోళ్ళల్ల దాన్ని గుడ రాయి" అంది.

మొత్తం నలభై ఎనిమిది మందిలో ఇరవై ముగ్గురు చదవలేదు.

ఆ కాగితం పట్టుకుని సారు దగ్గరికి పోయాం. సారు అబద్ధాల మనిషి కాదు. పరీక్షకు వచ్చే కథలు మూడే, వాటినే తిప్పి తిప్పి పెడతారు. పిల్లలు బాగా చేయాలని సారు ఆ మూడింటినీ రోజూ ప్రార్థన తర్వాత అందరితో కలిపి చదివించాడు. వానాకాలం, చలికాలం, ఒక్కరోజు మానలేదు. బడి ముందు నుంచి పోయే కూరగాయల బండి ఆయనకు కూడా సోము కథ వచ్చు.

"దాణా సంచితో పరీక్ష ఏంది పుష్పమ్మా!" అన్నాడు సారు. "దానికో పద్ధతి ఉంటది. లక్ష్యం, సూచిక, స్థాయి..."

"నాకు గవన్నీ తెల్వయి సారూ. బస్సు బోర్డు చదువుతరా, లేదా? గదొక్కటి చెప్పుండ్రి."

"నా ముందు చదివిన్రు. నా చెవులతో విన్న."

"చెవులతోని విన్నరు. కండ్లతోని చూసిన్రా?"

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "డాటా పైకి పోయింది. ఇక నా చేతుల లేదు. చెప్పుకోవాలంటే శుక్రవారం మేడమ్‌కే చెప్పుకోండి" అన్నాడు. కోపంతో కాదు, ఎలాగూ చెప్పదులే అనే ధీమాతో.

బయట మెట్ల కింద కౌముది టీచరు కార్డులు సర్దుతోంది. "నువ్వెందుకు చెప్పలే బిడ్డా?" అని అడిగింది పుష్పమ్మ.

"నేను చెప్తే ఉన్న కొలువు కాపాడుకోవడానికి చెప్తున్న అంటరమ్మా" అంది టీచరు. "ఇంకో మూడు నెలలుంటే సగానికి పైగా చదివిస్త. ఇప్పుడు ఆపితే ఆరో తరగతిల ఎవ్వరూ వీళ్ళకు అ ఆలు చెప్పరు."

శుక్రవారం ఓదెలు ఆటోలో బయలుదేరాం. ప్రతి బడీ ఒక పిల్లను తెచ్చి చదివించి చూపాలట. మా బడి నుంచి శ్రీహిత. ఓదెలు కొత్త చొక్కా వేసుకున్నాడు, ఆటోకు కూడా పూలదండ వేశాడు. దారి పొడవునా వెనక్కి తిరిగి మాట్లాడుతున్నాడు.

"పుష్పక్కా, మా శ్రీహిత చదువుతుంటే వీడియో తీస్త. మా అత్తగారింటోళ్ళకు పంపియ్యాలె. పిల్ల మా దిక్కు తెలివి అని తెల్వాలె వాళ్ళకు."

"ముందట చూసి నడుపు ఓదెలూ" అంది పుష్పమ్మ. ఒళ్ళో సంచీలో మడత పెట్టిన దాణా సంచి, సగం నమిలిన కాగితం ఉన్నాయి. ఆమె శ్రీహిత జడ సరిచేస్తూ కూర్చుంది. ఎప్పుడూ ఇంత తక్కువ మాట్లాడగా నేను చూడలేదు.

మలక్‌పేటలో ఒక బడి హాలు. తెర మీద ఒక్కో బడికి ఒక్కో గీత: లక్ష్యం అందితే పచ్చ, దగ్గరుంటే పసుపు, దూరముంటే ఎరుపు. గీత వచ్చినప్పుడల్లా ఆ బడి సారు లేచి నిలబడాలి. మా దిక్కు బడులన్నీ చూసే పెద్ద మేడమ్ పేరు సూర్యప్రభ. సన్నగా, పొడుగ్గా ఉంది. ఆమె చేతిలోని ఎర్ర లైటు చుక్క ఎవరి గీత మీద పడితే వాళ్ళు గుటక వేస్తున్నారు. పచ్చ గీతలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఎర్ర గీత ఒక్కటే, బహదూర్‌పురా బడిది, నలభై ఒకటి. ఆ హెడ్మాస్టరు శ్రవణ్‌కుమార్, కుర్ర సారు, పిలవకముందే లేచాడు. లేచి నిలబడటం అలవాటైన మనిషిలా ఉన్నాడు.

"మూడు నెలల నుంచి అక్కడ్నే ఉన్నరు శ్రవణ్‌కుమార్ గారూ. వామన్‌రావు గారిని చూసి నేర్చుకోండి. సరే, ఆయన దగ్గరున్న టీచరును మీకిస్తున్నం. ఇకనన్న లేవాలె."

"థ్యాంక్యూ మేడమ్" అన్నాడు కుర్ర సారు. చెమట తుడుచుకున్నాడు.

మా గీత వచ్చింది. తొంభై ఆరు. శ్రీహిత ముందుకెళ్ళి సోము కథ చదివింది. ఓదెలు కిటికీ ఊచల్లోంచి ఫోను లోపలికి దూర్చి వీడియో తీశాడు. చప్పట్లు. "కమిటీ చైర్‌పర్సన్ గారు రెండు మాటలు చెప్తరా?" అంది మేడమ్. అందరూ కృతజ్ఞతలు చెప్పి కూర్చుంటున్నారు కదా, అదే అనుకుని ఆమె అప్పటికే తర్వాతి గీత నొక్కబోతోంది.

పుష్పమ్మ లేచింది. "మేడమ్, మా బడికి తొంభై ఆరు రాలే. యాభై రెండే."

ఎర్ర చుక్క తెర మీద నుంచి జారి సీలింగు ఫ్యాను మీదికి పోయింది.

"అమ్మా, మార్కులు పెంచమని అడిగేటోళ్ళను చూసిన. తగ్గించమనేటోళ్ళను ఇదే చూసుడు. సారు మీద కంప్లైంటా?"

"అయ్యో, సారు బంగారం. ఇది పాల లెక్క మేడమ్" అని పుష్పమ్మ పాలమీటరు సంగతి, చక్కెర సంగతి, గోరు సంగతి చెప్పింది. నమిలిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ఇగో, గీడిదాకా పిల్ల చదివింది. గీడినుంచి బర్రె తిన్నది. అయినా కథ ఆగలే." హాలంతా ఒకటే నవ్వు. మేడమ్ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, పళ్ళ గాట్లు చూసి, దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెనక నుంచి ఎవరో సారు అన్నాడు, "ఆ పాపతోనే సంచి చదివించుండ్రి మేడమ్. ఇక్కడ్నే తేలిపోతది."

"వద్దు!" అంది పుష్పమ్మ. ఆమె బర్రెల్ని అదిలించే గొంతు అది. "గింతమంది ముంగట పిల్లనెందుకు నిలబెట్టుడు? తప్పు పిల్లది కాదు. మా కౌముది టీచర్ను ఉంచుండ్రి, చాలు."

అప్పుడు శ్రవణ్‌కుమార్ సారు మళ్ళీ లేచాడు. ఈసారి ఎవరూ పిలవలేదు.

"మేడమ్, నేను మొదటి నుంచి నిజమే చెప్పిన. నిజం చెప్పి మూడు నెలలు తిట్లు తిన్న. ఆ తిట్లకు దొరికింది ఈ ఒక్క టీచరు. ఆమెను గుడ తీసుకపోతే ఎట్ల?" పుష్పమ్మ వైపు తిరిగాడు. "మా దగ్గర గుడ పిల్లలున్నరమ్మా."

పుష్పమ్మ అతని వైపు చూసింది. ఇది ఆమె ఊహించని సంగతి. మేమిద్దరం మూడు రోజులు టిక్కులు పెట్టుకున్నాం కానీ, బహదూర్‌పురాలో కూడా ఇలాంటి మెట్ల కింద చోటు ఉంటుందని మాకు తట్టలేదు.

"నాయినా, పొద్దున పాలు ఒకింటికి, మాపటి పాలు ఒకింటికి పోస్తం గదా" అంది. "బర్రె ఒక్కటైతే ఏమాయె. మూడు రోజులు నీకు, మూడు రోజులు మాకు."

"టీచర్ను బర్రె అంటున్నవా అమ్మా?" అన్నాడు వెనక సారు.

"బర్రెంటే మా ఇంట్ల లక్ష్మి. నిన్నైతే అనలే."

మేడమ్ ఆలోచించింది. "మూడు రోజులు పంచొచ్చు. కానీ మీ బడి గీత పచ్చగ ఉంటే నేను ఒక్కరోజు గుడ ఇయ్యలేను. హెడ్మాస్టరు గారు పాత లెక్క తప్పని రాసి సంతకం పెట్టాలె. వామన్‌రావు గారూ, ఈ నెల ప్రశంసాపత్రం మీ పేరు మీద రెడీ అయ్యింది. ఆలోచించుకోండి."

అందరూ సారు వైపు చూశారు. నేను కూడా. ఆయన సంతకం పెట్టకపోతే సంచీ లేదు, కాగితమూ లేదు, ఫిబ్రవరి ఒకటిన మెట్ల కింద చోటు ఖాళీ. సారు లేచి, బల్ల మీది దాణా సంచి తీసుకుని, శ్రీహిత చెయ్యి పట్టుకుని వరండాలోకి పోయాడు.

నా కుర్చీ తలుపు పక్కన. అక్కడి నుంచి కనబడింది. సారు నేల మీద గొంతుక్కూర్చుని సంచిని మోకాళ్ళ మీద పరిచాడు. శ్రీహిత చాలాసేపు బర్రె బొమ్మ చూసింది. తర్వాత మెల్లగా, "సోము..." అంది. సారు తల అడ్డంగా ఊపాడు. వేలు తీసి మొదటి అక్షరం కింద పెట్టాడు. పిల్ల ఆ వేలును చూసింది, సారు మొహాన్ని చూసింది. "పా" అన్నాడు సారు. "పా" అంది పిల్ల. "డి" అన్నాడు. "డి" అంది. తన ఇరవై తొమ్మిదేళ్ళ నౌకరీలో సారు ఎన్ని వేలసార్లు ఆ పని చేసి ఉంటాడో. ఆ రోజు మాత్రం లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

లోపలికి వచ్చి, "యాభై రెండు వేసుకోండి మేడమ్" అన్నాడు. సంతకం పెట్టబోతే పెన్ను రాయలేదు. నా పెన్ను ఇచ్చాను.

తెర మీద మా పచ్చ గీత అందరి కళ్ళముందే కుంగి ఎర్రబడింది. ఆ తర్వాత ఒక విచిత్రం జరిగింది. పచ్చ గీతల సార్లు ఒక్కొక్కరూ ఫోన్లు చూసుకోవడం, గొంతులు సవరించుకోవడం మొదలుపెట్టారు. "మేడమ్, మాది గుడ ఒకసారి చూసుకుని పంపిస్తం" అన్నాడు ఒకాయన. "మాది గుడ" అన్నాడు వెనక సారు.

బయటికి వచ్చేసరికి ఓదెలు ఆటో స్టార్టు చేసి ఉన్నాడు. కిటికీలోంచి అంతా విన్నాడు. శ్రీహితను ఎక్కించుకుని, "నా బిడ్డ పేరు గుడ రాసిచ్చినవ్ గదా! మీరు రైలుకు రాండ్రి" అని దండతో సహా పోయాడు. సారు, పుష్పమ్మ, నేను మలక్‌పేట స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కాం. సారు కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. డబీర్‌పురా దాటాక, "పుష్పమ్మా, ఆ సంచి బడిల ఉంచుత" అన్నాడు.

"ఉంచుకోండ్రి సారూ. అది ఇప్పుడు వాళ్ళకు నోటికొచ్చి ఉంటది. రేపటి నుంచి వేరేది కావాలె."

తర్వాత గల్లీలో అయిన లొల్లి చెప్పనక్కర్లేదు. పది రోజులు నాలుగిళ్ళ వాళ్ళు ఆమె దగ్గర పాలు మానేశారు. "మా పిల్లల్ని మొద్దులన్నామె పాలు మాకెందుకు" అని ఒకామె గిన్నె తిప్పుకుని పోయింది. "పాలకు చదువు రాదు తల్లీ, తాగొచ్చు" అంది పుష్పమ్మ. ఓదెలు రెండు వారాలు మాట్లాడలేదు. వీడియో మాత్రం అప్పటికే అత్తగారింటికి పంపేశాడు.

కౌముది టీచరు మంగళ, గురు, శనివారాలు వస్తుంది. శనివారం మధ్యాహ్నం కమిటీ పరీక్ష. పిల్లలు ఇంటి నుంచి ఏదో ఒక కాగితం తేవాలి, ఎవరిది వాళ్ళు చదవకూడదు: పెళ్ళిపత్రిక, సబ్బు డబ్బా, కరెంటోళ్ళు ఇచ్చిన నోటీసు. సారు ప్రార్థన తర్వాత సోము కథ మానేసి, రోజుకొక పిల్లను పిలిచి, ఏదో ఒకటి చేతికిచ్చి పక్కన నిలబడుతున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తున్నాడు.

మార్చి ఆఖరి శనివారం టిక్కులు నేనే పెట్టాను. ఇరవై ముగ్గురిలో పదిహేడు మంది చదివారు. శ్రీహిత పెళ్ళిపత్రిక మొత్తం, శుభలగ్నం నిమిషాలతో సహా చదివింది. మిగిలిన ఆరుగురిలో పుష్పమ్మ మనవరాలు లావణ్య ఒకతి.